లెక్కలోని మొదటి అబద్ధము

వ్యాపారము చెడినప్పుడు మన గ్రామములలో సాధారణముగా వినబడు మాట ఒకటి కలదు: "కాలము కలిసిరాలేదు." వానలు లేక పంట పోయిన రైతు ఈ మాట అనిన అది న్యాయమే. కాని బియ్యపు మిల్లు మూతబడినను, చేనేత సంఘము దివాలా తీసినను, చీటీలు కట్టించుకొనినవాడు రాత్రికి రాత్రి ఊరు విడిచినను మనము ఆ మాటే అనుచున్నాము. కాలము చేసిన నష్టము కొంత ఉండును, కాదనము. అయితే అట్టి సంస్థల పుస్తకములను వెనుకకు తిరుగవేసి చూచినయెడల, తలుపులు మూయుటకు రెండేండ్లో మూడేండ్లో ముందుగానే ఒక అంకె తప్పుగా వ్రాయబడియుండుట తరచుగా కనబడును. ఆ అంకె చిన్నది. దానిని వ్రాసినవాడు ఆనాటికి దొంగ కాడు. పలుమార్లు అతడు ఆ యూరిలో మంచివాడని పేరుబడినవాడే.

ఈ నెల మా చదువరులతో కలిసి ఆలోచింపగోరు ప్రశ్న యిది: పదిమందికి అన్నము పెట్టు సంస్థకు పెద్దగా నున్నవాడు, ఆ పదిమంది మేలుకొరకే, నష్టమును కొంతకాలము దాచవచ్చునా? "కూడదు" అని వెంటనే చెప్పుట సులభము. ఆదివారము ప్రసంగపీఠమునుండి మేమును సులభముగానే చెప్పుచుందుము. కాని శనివారము సాయంకాలము కూలీల చేతులలో డబ్బు పెట్టవలసినవానికి ఆ జవాబు అంత సులభముగా రాదు. కాబట్టి ముందుగా అతని పక్షమున చెప్పదగినది చెప్పుదము.

అతడు ఇట్లనుకొనును: "నేను నిజము బయటపెట్టితినా, అప్పిచ్చినవాడు రేపే వచ్చి తలుపు తట్టును. సరకు పంపువాడు పంపుట మానివేయును. పనివారిలో నేర్పరులైనవారు మొదట వెళ్లిపోవుదురు. అప్పుడు మిగిలిన బీదవారి గతి ఏమగును? ఒక్క మంచి సంవత్సరము వచ్చెనా, ఈ లోటు పూడిపోవును. పూడిన తరువాత ఎవరికిని నష్టము లేదు. ఎవరికిని నష్టము లేనిది తప్పు ఎట్లగును?" ఇది బుద్ధిహీనుని మాట కాదు. దీనిలో కొంత ప్రేమ కూడ ఉన్నది. అందుచేతనే ఇది ప్రమాదకరము. లోభము మన యింటికి వచ్చినప్పుడు దానిని గుర్తుపట్టి గెంటివేయగలము. దయ వేషములో వచ్చినదానిని కూర్చుండబెట్టి మంచినీళ్లిత్తుము.

ఈ ఆలోచన మనుష్యుని ఎంత దూరము తీసికొనిపోగలదో చూపుటకు మన తెలుగు దేశములోనే ఒక పెద్ద దృష్టాంతము కలదు. మా చదువరులలో పెద్దవారికి జ్ఞాపకముండును, చిన్నవారు తెలిసికొనవలెను.

1987లో హైదరాబాదున సత్యం కంప్యూటర్స్ అను కంపెనీ ప్రారంభమయ్యెను. దాని పెద్ద రామలింగరాజు పశ్చిమ గోదావరి జిల్లాకు చెందినవాడు. ఇరువది యేండ్లలో ఆ కంపెనీ దేశదేశముల కంపెనీలకు కంప్యూటరు పనులు చేసిపెట్టుచు, వేలాది తెలుగు యువకులకు ఉద్యోగములిచ్చి, 2001లో న్యూయార్కు షేరు మార్కెట్టు వరకు వెళ్లెను. పల్లెటూళ్లలో పొలమమ్మి బిడ్డను ఇంజనీరింగు చదివించిన తండ్రులు ఆ పేరును ఎంత ఆశతో పలికెడివారో మేము విన్నాము. 2008 సెప్టెంబరులో, కంపెనీని ఉత్తమముగా పరిపాలించినందుకు గోల్డెన్ పీకాక్ అను బహుమానము కూడ దానికి దొరకెను.

నాలుగు నెలలు గడువకమునుపే, 2009 జనవరి 7న, రామలింగరాజు తన డైరెక్టర్లకు ఒక ఉత్తరము వ్రాసెను. 2008 సెప్టెంబరు 30 నాటికి కంపెనీ పుస్తకములలో రొక్కము, బ్యాంకు నిలువ కలిసి 5,361 కోట్ల రూపాయలుగా చూపబడియుండెను. అందులో 5,040 కోట్లు అసలు లేవని అతడు ఒప్పుకొనెను. లేని సొమ్ముపై వచ్చినట్లుగా 376 కోట్ల వడ్డీ కూడ వ్రాయబడియుండెను. ఆ మూడు నెలలలో పని మీద మిగిలినది 649 కోట్లని లోకమునకు చెప్పిరి. నిజముగా మిగిలినది 61 కోట్లు. ఆ ఒక్క దినముననే కంపెనీ షేరు ధర మూడు వంతులకు పైగా పడిపోయెను. జీవితకాలపు పొదుపును ఆ షేర్లలో పెట్టుకొనిన సామాన్యులు ఎందరో ఉండిరి.

ఆ ఉత్తరములో మనము ఆగి చదువవలసిన భాగము కోట్ల లెక్క కాదు. అసలు లాభమునకును పుస్తకములోని లాభమునకును మధ్య తేడా మొదట కొద్దిగానే ఉండెననియు, సంవత్సరములు గడచినకొలది అది పెరిగి అదుపు తప్పెననియు అతడు వ్రాసెను. పులిమీద స్వారి చేయువానితో తన్ను పోల్చుకొనెను. దిగిన పులి తినును, దిగకున్న అది ఎక్కడికో తీసికొనిపోవును.

ఏల పెరిగెను? ఇందులో మర్మమేమియు లేదు. మన కిరాణా దుకాణపు చిట్టాలోనైనను ఇది ఇట్లే జరుగును. ఈ మూడు నెలలకు పది రూపాయల లాభము వచ్చినదని అబద్ధము వ్రాసితిమి అనుకొనుడి. లాభము వచ్చినచో ఆ డబ్బు ఎక్కడనో ఉండవలెను గదా! కాబట్టి బ్యాంకులో ఉన్నదని రెండవ అబద్ధము. బ్యాంకులో ఉన్నచో వడ్డీ రావలెను, అది మూడవది. బ్యాంకు రసీదు చూపుమన్న, లేని రసీదును పుట్టింపవలెను. వచ్చే మూడు నెలలకు పది రూపాయలకంటె తక్కువ చూపిన జనులు అనుమానింతురు గనుక పన్నెండు చూపవలెను. నిజమైన లోటు ఉన్నచోటనే ఉండవచ్చును, ఒక మంచి సంవత్సరములో పూడనువచ్చును. కాని దాచిన లోటు ఉన్నచోట నిలువదు. అది అప్పు కంటె త్వరగా పెరుగును. "ఒక్క మంచి సంవత్సరము వచ్చిన చాలును" అనువాని లెక్కలో తప్పు ఇక్కడ నున్నది. వాడు ఎదురుచూచు ఆ మంచి సంవత్సరము వచ్చినను వానికి చాలదు. ఏలయనగా అంతకంటె మంచి సంవత్సరమును వాడు ముందే పుస్తకములో వ్రాసి యుంచెను.

తాను సొంతమునకు ఏమియు తీసికొనలేదని రామలింగరాజు ఆ ఉత్తరములో చెప్పెను. షేరు మార్కెట్లను అదుపుచేయు సెబీ సంస్థ ఈ మాటను అంగీకరింపక, అతడును అతనితో ఉన్నవారును అక్రమముగా పొందిన లాభమును తిరిగి కట్టవలెనని 2014లో ఉత్తరువు చేసెను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము అతనికిని మరి తొమ్మిదిమందికిని ఏడేండ్ల జైలుశిక్ష విధించెను. వారిలో ఇద్దరు ఆ కంపెనీ లెక్కలను తనిఖీ చేసిన ఆడిటర్లు. మరుసటి నెలలో అప్పీలు విచారణ సందర్భమున ఆ శిక్ష నిలుపబడి వారికి బెయిలు దొరకెను. ఇతరుని హృదయమునకు తీర్పు తీర్చుట మా పని కాదు. అతడు కేవలము ధనాశతోనే ప్రారంభించెనని అనుకొనినయెడల ఈ సంగతి మనకు పనికిరాకుండ పోవును. "మేము అట్టివారము కాము" అని పుస్తకము మూసివేయుదుము. లాభము తక్కువగా చూపిన కంపెనీని ఇతరులు స్వాధీనపరచుకొందురేమో, అప్పుడు లోటు బయటపడునేమో అను భయము తనకుండెనని అతడే వ్రాసెను. నా సంస్థ నా చేతిలోనుండి పోకూడదు అను ఈ భయమును ఎరుగని పెద్ద ఏ సంఘములోనైనను కలడా?

ఇక, పనివారికొరకే దాచితిమి అను సాకును ఆ కంపెనీ చరిత్రయే కొట్టివేసెను. నిజము బయటపడిన తరువాత ప్రభుత్వము పాత డైరెక్టర్లను తొలగించి క్రొత్తవారిని నియమించెను. వారు లేనిదానిని లేదని చెప్పిరి. అంత పెద్ద దెబ్బ తగిలినను ఆ కంపెనీ చావలేదు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దానిని కొనెను, 2013లో తనలో కలిపికొనెను. అందరి ఉద్యోగములు నిలువలేదు, కష్టము చాలమందికి కలిగెను. అయినను వేలమంది పని మిగిలినది. ఏలయనగా వారు చేసిన పని నిజమైనది. అబద్ధము లెక్కలో నుండెను గాని వారి చేతులలో లేదు. వారిని కాపాడుటకని చెప్పిన అబద్ధమే వారిని ఎక్కువగా బాధించెను.

రెండవ తప్పునుగూర్చి కూడ ఇక్కడనే చెప్పవలెను. మొదటి తప్పు అంత కాలము బ్రతుకుటకు అదియే కారణము. ఆ ఉత్తరమునకు మూడు వారముల ముందు, 2008 డిసెంబరు 16న, రామలింగరాజు కుటుంబమునకు చెందిన మేటాస్ అను రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లిచ్చి సత్యం కొనవలెనని డైరెక్టర్ల సభలో ప్రతిపాదించిరి. (సత్యం అను మాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి తలక్రిందులుగా చదివిన మేటాస్ అగును. ఆ పేరు ఎవరు ఎందుకు పెట్టిరో గాని, తరువాత జరిగినదానికి అది తగినట్లే ఉన్నది.) లేని సొమ్ము స్థానములో నిజమైన ఆస్తిని పెట్టుటకు అది చివరి ప్రయత్నమని అతడే తరువాత వ్రాసెను. ఆ సభలో కూర్చున్నవారు సామాన్యులు కారు. అమెరికాలోని హార్వర్డు ప్రొఫెసరు ఒకరు, దేశమునకు కేబినెట్ కార్యదర్శిగా పనిచేసిన అధికారి ఒకరు, హైదరాబాదులోని పేరుగాంచిన వ్యాపార విద్యాలయపు అధిపతి ఒకరు అందులో నుండిరి. వారు ప్రశ్నలు అడిగిరి, తరువాత సమ్మతించిరి. వద్దని చెప్పినది బయటనున్న షేరుదార్లు. వారి కోపమును చూచి కొన్ని గంటలలోనే ఆ తీర్మానమును వెనుకకు తీసికొనిరి.

దీనిని తలచినప్పుడు మాకు రాజుల గ్రంథములోని అహాబు సభ జ్ఞాపకము వచ్చును. రామోత్గిలాదుపై యుద్ధమునకు పోవచ్చునా అని అతడు అడిగినప్పుడు నాలుగు వందలమంది ప్రవక్తలు ఒక్కనోట పొమ్మనిరి. అప్పుడు యూదా రాజైన యెహోషాపాతునకు అనుమానము కలిగెను. నాలుగు వందలమంది చెప్పిన తరువాత ఇంకొకరు లేరా అని అడుగుట వింతగా తోచును. కాని అతడు అడిగెను. అందరును ఒకే మాట చెప్పుచున్నారు గనుకనే అడిగెనేమో. ఒకడున్నాడు, మీకాయా, అయితే అతడు తనకు మేలు ఎన్నడును చెప్పడు గనుక తనకు అతడనిన ద్వేషము అని అహాబు చెప్పెను. ఆ మాటలో ఒక రాజ్యము పాడగుటకు చాలినంత ఉన్నది. మీకాయాను పిలిపించిరి, అతడు నిజము చెప్పెను, చెప్పినందుకు కొద్దిపాటి రొట్టెతోను నీళ్లతోను చెరలో వేయబడెను. అహాబు మారువేషముతో యుద్ధమునకు పోయెను గాని తిరిగి రాలేదు. మా చదువరులు గమనింపవలసినది ఒకటున్నది. మీకాయా మాట అహాబునకు వినబడకపోలేదు. అతడు విన్నాడు, విని చెప్పినవానిని శిక్షించెను. సలహాదారులు లేక చెడిన నాయకులు తక్కువ. సలహాదారులకు ఏది చెప్పిన ఏమి దొరకునో నేర్పి, తరువాత వారి మౌనమును సమ్మతిగా లెక్కించుకొని చెడినవారే ఎక్కువ.

ఇది హైదరాబాదు సంగతి, కోట్ల సంగతి అని మనము తప్పించుకొనలేము. మన స్త్రీల పొదుపు సంఘములలో ఏమి జరుగుచున్నదో చూడుడి. వారమునకు వంద రూపాయలు కట్టవలసిన సహోదరి ఒకతె, బిడ్డకు జ్వరము వచ్చి కట్టలేకపోయెను. సంఘము పెద్ద మంచి మనస్సు గలది. "పదిమందిలో ఆమెకు తలవంపులేల, వచ్చే వారము ఇచ్చును" అని పుస్తకములో కట్టినట్లు వ్రాసెను. వచ్చే వారము రెండు వందలు రాలేదు. ఇప్పుడు ఆ సహోదరి తప్పు లేదు. ఆమె కట్టలేదు, అంతే. పుస్తకములో తప్పు పెద్దది. ఆమె వేరొకతె సొమ్ములో నుండి సర్దును, లేక తన చెవి దిద్దులు కుదువబెట్టి పూడ్చును. బ్యాంకువారు వచ్చు దినము దగ్గరపడినకొలది ఆమెకు నిద్ర రాదు. ఇట్టివారిని మేము ఎరుగుదుము. దొంగ అని ముద్రపడి ఊరు విడిచినవారిలో కొందరు ప్రారంభమున చేసినది ఇంతమాత్రమే.

2010లో మన జిల్లాలలో అప్పు కంపెనీల మూలముగా కలిగిన సంకటము కూడ దీనికి దూరపు చుట్టము కాదు. ఆ యేట ఎస్.కె.ఎస్. అను సంస్థ తన షేర్లను మార్కెట్టులో అమ్మి గొప్ప ధనము కూర్చుకొనెను. అట్టి సంస్థలు అనేకము ఒకే యింటికి పోటీపడి అప్పులిచ్చినవి. ఎంతమందికి అప్పిచ్చిరి అను అంకెను పెద్దలు చూచిరి. ఆ యింటిలో సంపాదన ఎంత అని అడుగువారు తగ్గిపోయిరి. వసూలు చేయువారి ఒత్తిడిని గూర్చి ఫిర్యాదులు పెరిగి, అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చెను. తరువాత వసూళ్లు కుప్పకూలెను. అక్కడి అంకెలు అబద్ధములని మేము అనుట లేదు. అంకె పెరుగుచున్నంతకాలము దాని వెనుకనున్న మనుష్యులను చూడకుండుట పెద్దలకు అలవాటగునని మాత్రమే అనుచున్నాము.

ఇక్కడ ఒక సందేహము కలుగును. పెద్దగా నున్నవాడు తనకు తెలిసినదంతయు అందరికిని చాటవలెనా? అట్లు కాదు. ఇల్లు నడుపు తండ్రి ప్రతి చింతను బిడ్డల యెదుట పెట్టడు. సరకు ధర బేరము చేయుచున్నప్పుడు నోరు మూసికొనుట వివేకమే. మౌనము వేరు, అబద్ధము వేరు. అయితే ఎవరి సొమ్ము నీ చేతిలో నున్నదో వారు వచ్చి అడిగినప్పుడు మౌనము కూడ అబద్ధమే యగును. సొమ్ము వారిది, దానికి వచ్చిన ఆపద కూడ వారిదే. వారి ఆపదను వారికి తెలియకుండ నీవొక్కడవే ఉంచుకొనుట, వారి పొలములో నీవు విత్తనము వేసినట్లే. వారిని చిన్నపిల్లలనుగా ఎంచుటకు నీకెవరును అధికారమియ్యలేదు.

నిజము చెప్పిన వ్యాపారము తప్పక నిలుచునని మేము వాగ్దానము చేయజాలము. అట్లు ప్రసంగించువారు కలరు. వారి మాట మాకు నచ్చదు. నిజము చెప్పిన మరునాడే అప్పులవారు వచ్చి గేటుకు తాళము వేసిన మిల్లులు ఉన్నవి. అందుచేత అసలు ప్రశ్న నష్టమును ఎట్లు తప్పించుకొందుము అనునది కాదు. నష్టము వచ్చియున్నది, దానిని ఎవరు మోయవలెను? దాచుట అనగా, తెలియనివారి భుజములమీద దానిని మెల్లగా పెట్టుటయే.

దీనికి ఎదురుగా 1924లో జమ్‌షెడ్‌పూరులో జరిగినదానిని చూడుడి. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత టాటావారి ఉక్కు కర్మాగారము కష్టములలో పడెను. 1923లో జపానులో వచ్చిన భూకంపముతో ఆ దేశపు బేరమును పోయెను. పనివారికి జీతములిచ్చుటకు సొమ్ము లేదని వార్త వచ్చెను. అప్పుడు దాని పెద్దయైన దొరాబ్జీ టాటా తన స్వంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి ఆభరణములతో సహా, ఇంపీరియల్ బ్యాంకునకు తాకట్టుపెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చెను. ఆ ఆభరణములలో కోహినూరుకంటె పెద్దదైన జూబిలీ వజ్రము కూడ నుండెను. రామలింగరాజు కుటుంబము కూడ తమ షేర్లను తాకట్టుపెట్టి అప్పులు తెచ్చిన సంగతి మేము మరువలేదు. తాకట్టు పెట్టుటలో ఇద్దరును సమానులే. భేదమంతయు ఇందులో నున్నది: కర్మాగారమునకు సొమ్ము లేదని తెలిసియే ఇంపీరియల్ బ్యాంకు అప్పిచ్చెను. సత్యం షేర్లమీద అప్పిచ్చినవారు, లేని 5,040 కోట్లు ఉన్నవని నమ్మి యిచ్చిరి. త్యాగము కూడ తప్పుడు లెక్కమీద నిలిచినప్పుడు ఇతరులను ముంచును.

సత్యం వ్యవహారము తరువాత 2013లో వచ్చిన కంపెనీల చట్టము, షేర్లు మార్కెట్టులో నున్న కంపెనీలు ఆడిటర్లను నిర్ణయింపబడిన కాలమున కొకసారి మార్చవలెనని చెప్పుచున్నది. మన సంఘములకు ఇంత పెద్ద చట్టము అక్కరలేదు. లెక్క వ్రాయు పని ఏడాదికొకరికి వంతుగా ఇచ్చిన చాలును. పుస్తకమును సభలో గట్టిగా చదువవలెను, చదువురానివారికి కూడ వినబడునట్లు. పెట్టెలోని సొమ్మును అందరియెదుట లెక్కింపవలెను. నేడు లెక్కలు ఫోనులలోనికి ఎక్కుచున్నవి గనుక తప్పు జరుగదని యువకులు చెప్పుచున్నారు. ఫోనులో అంకె నొక్కు వ్రేలు కూడ మనుష్యుని వ్రేలే. కట్టనివారి పేర్లను మొదటనే చదువుడి, అవమానించు స్వరముతో కాక, జ్వరము వచ్చినవారి పేర్లను ప్రార్థనకొరకు చదివినట్లు. ఆ సహోదరికి వంద రూపాయలు కావలసియున్నచో, సంఘము తెలిసియే ఇచ్చును. తెలిసి యిచ్చినది సహాయము. తెలియకుండ ఆమెపేర వ్రాసినది ఉరి.

ఇట్టి సభల తరువాత సభ్యులు మమ్మును ఒక ప్రశ్న అడుగుచుందురు: "అయ్యగారూ, లోటు వచ్చినదని ఆమెయే ఒప్పుకొనెను గదా, పెద్దరికమునుండి తీసివేయుదమా?" తన చేతిమీదుగా సొమ్ము తినినదో లేదో ముందు చూడుడి. తినినయెడల తీసివేయుడి, సొమ్మును రాబట్టుడి. అందులో మొగమాటము వద్దు. తినక, లోటు కనబడిన ఆ వారమే మీ యెదుట చదివినయెడల, మీరు ఏమి చేయుదురో మిగిలిన సంఘముల పెద్దలందరు చూచుచున్నారు. ఆమెను దించినచో, వచ్చే యేట ఆ స్థానములో కూర్చుండు స్త్రీ మీకు లోటు చదువదు. తన వంతు ముగియువరకు పుస్తకము ఆమెయొద్దనే ఉండనీయుడి.